పదకొండో బోల్టు

స్టోర్నొవేకి ఉత్తరాన, గాలి ఆగని చోట,
రేకుల షెడ్డులో
జాకీ మీద ఓ పక్కకి ఒరిగి ఉంది లాండ్‌రోవర్.
నలభై ఏళ్ళు పీటు గడ్డలు మోసింది, గొర్రెల్ని మోసింది,
ఒకసారి పెళ్ళికూతుర్ని, ఒకసారి శవపేటికని.

కింద పడుకుని లైటు వేసి చూస్తే
కమాను పట్టీలు ఏవో, తుప్పు ఏదో తెలీదు.
వానలో తడిసి ఎండిన పుస్తకంలా
పుటకి పుట అంటుకుపోయింది.
గోరు తగిలితే రాలుతుంది.
కంట్లో పడుతుంది. నాలిక మీద ఉప్పగా ఉంటుంది.
సముద్రం ఇక్కడికి రెండు మైళ్ళు,
అయినా ప్రతి మరలోకీ నడిచొచ్చి
కాపురం పెట్టేసింది.

"పన్నెండు బోల్టులు విప్పాలి," అన్నాను.
"పన్నెండు రోజులా?" అంది మర్డినా
చేపల పెట్టె బోర్లించుకుని దాని మీద కూర్చుంటూ.
నవ్వాను.
నవ్వకుండా ఉండాల్సింది.

మొదటి రోజు నూనె పోసి ఊరుకున్నాను.
రెండో రోజు మళ్ళీ పోశాను.
పానా జారి మెటికలు చిట్లాయి.
పానాకి గొట్టం తొడిగి, గొట్టానికి నేను వేలాడితే
బోల్టు కదల్లేదు, బండి కదిలింది.
మూడో రోజు గ్యాస్ మంట.
లోపలి రబ్బరు కాలి, నల్లగా ఏడ్చి,
షెడ్డంతా కంపు.
ఇనుముతో చేరితే నిప్పుకీ సమ్మెట దెబ్బలే అంటారు,
ఆ రోజు నిప్పుకీ ఇనుముకీ నా భుజానికీ
సమానంగా పడ్డాయి.

నాలుగోదాని తల తెగింది.
మొండెం లోపలే ఉండిపోయింది.
మొండివాడు రాజుకన్నా బలవంతుడట.
మొండెం ఇంకా బలమైంది.
రంపం పెట్టి కోశాను, పళ్ళు అరిగేదాకా,
నా పళ్ళు కూడా.

అలా పది.

పదకొండోది వెనక, ఎడమ వైపు.
అలవాటుగా కాళ్ళు తన్నిపెట్టి, ఊపిరి బిగబట్టి,
ఉన్న బలమంతా ఒక్కసారి వేశాను.
పానా గిర్రున తిరిగింది.
మోచెయ్యి నేలకి కొట్టుకుని కళ్ళు మెరిశాయి.
బోల్టు వేళ్ళతోనే వచ్చేసింది,
పక్వమైన పండు తొడిమ వదిలినట్టు.

పైన పచ్చటి చిలుము.
గుడ్డతో తుడిస్తే అడుగున ఎర్రటి పసుపు.
ఇనుము కాదు, కంచు.
దానితోపాటు ఒక వాసన వచ్చింది,
ఆయిలుది కాదు, డీజిలుది కాదు.
తడిసిన గొర్రె వాసన.

మర్డినా చేతిలో పెట్టాను.
చాలాసేపు తిప్పి చూసింది.
"టోర్మోడ్," అంది.
"మా ఆయనకి అన్న. పడవలు కట్టేవాడు.
ఆ చలికాలం మూడు వారాలు ఓడ రాలేదు, సామాను లేదు.
విరిగిన చుక్కాని నుంచి ఊడదీసి
ఉన్ని జిడ్డు పూసి బిగించాడు.
బండికి పడవ మేకులేమిటని ఊరు నవ్వింది.
ఊరికంటే ఎక్కువ నేను.
మళ్ళీ ఎప్పుడూ మా బండి ముట్టుకోలేదు."

బల్ల మీద కొత్త డబ్బా విప్పి ఉంది.
పన్నెండూ ఉక్కువే, మెరుస్తున్నాయి.
పని తెలిసినవాణ్ణి, చెప్పకుండా ఎలా ఉంటాను,
"కంచు మెత్తన. ఇంత బరువుకి వంగిపోయేది."
"వంగలేదుగా," అంది.

లేచి వెళ్ళిపోయింది, కోటు కూడా బొత్తాలు పెట్టుకోకుండా.
కోపమొచ్చిందనుకున్నాను.
అరగంటకి జామ్ సీసాతో తిరిగొచ్చింది.
లోపల పసుప్పచ్చగా, మైనంలా, ఉన్ని జిడ్డు.
"కొత్తవాటికి పుయ్యి. బాగా దట్టించు.
ముప్పై ఏళ్ళ తర్వాత ఈ బండి కింద
ఎవడు పడుకుంటాడో,
వాడి మెటికలు వాడికుండాలి."

పూశాను.
చేతులు ఎన్నిసార్లు కడిగినా వాసన పోలేదు,
రాత్రి మా కుక్క నన్ను అనుమానంగా చూసింది.

పన్నెండోది ఇంకా రాలేదు.
రేపు కోస్తాను.